శనిగ్రహం ముందు డయోనీ: కదిలిపోయే మూడు ఫ్రేముల నుంచి ఒక రంగుల చిత్రం (కేస్ స్టడీ)

శనిగ్రహం చుట్టూ తిరిగిన కాసిని అంతరిక్షనౌక కెమెరాలు నేరుగా రంగుల ఫొటోలు తీయలేదు. వాటిలో ఉన్నది అడ్డంగా 1024, నిలువుగా 1024 పిక్సెళ్లున్న నలుపు తెలుపు సీసీడీ, అంటే కాంతిని కొలిచే సెన్సార్. దాని ముందు తిరిగే రెండు ఫిల్టర్ చక్రాల్లో నీలం, ఆకుపచ్చ, ఎరుపు ఫిల్టర్లను ఒకదాని తర్వాత ఒకటి నిలిపి తీసిన మూడు ఫొటోలను భూమ్మీద ఎవరైనా కలిపినప్పుడే రంగుల చిత్రం తయారవుతుంది. చిత్రంలో ఒక్క గోళమే ఉంటే మూడింటినీ దాని అంచుకు సర్దితే చాలు. ఉపగ్రహం ఒకటి శనిగ్రహం ముందు నుంచి దాటిపోతున్నప్పుడు మాత్రం ఆ మూడు ఫొటోలు మూడు వేర్వేరు క్షణాల సాక్ష్యాలు. ఉపగ్రహాన్ని సర్దితే వెనకనున్న గ్రహం చెదురుతుంది, గ్రహాన్ని సర్దితే ఉపగ్రహం మూడు రంగుల మూడు బిళ్లలుగా విడిపోతుంది. ఈ చిక్కును నేను ఎలా విప్పానో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. నా పద్ధతికి మూలం ఒక్కటే: ప్రతి వస్తువునూ దాని సొంత కదలిక ప్రకారం విడిగా సర్దాలి, సమాచారం లేని చోటు ఎంతో ముందే లెక్కగట్టాలి, అక్కడ నింపినదాన్ని నింపినట్టుగానే చూపాలి.

తీసుకున్న వరుస

కాసిని 2004 జూలై 1న శనిగ్రహ కక్ష్యలో ప్రవేశించింది. 2005 చివరి నెలల్లో దాని కక్ష్య గ్రహపు భూమధ్యరేఖా తలానికి చాలా దగ్గరగా ఉండటం వల్ల వలయాలు పలుచని గీతలా కనిపించే దృశ్యాలు ఎన్నో దొరికాయి. నేను ఎంచుకున్నది ఆ కాలపు న్యారో యాంగిల్ కెమెరా (సన్నని కోణాన్ని పెద్దగా చూపే కెమెరా) వరుస. ముందు శనిగ్రహపు ఉపగ్రహం డయోనీ, దాని వెనక వలయాల గీత, ఆ వెనక చట్రమంతా నిండిన శనిగ్రహ మేఘాలు ఉంటాయి. వలయాల గీత డయోనీ వెనక నుంచే పోతుంది, ఎందుకంటే డయోనీ తిరిగేది ప్రధాన వలయాలకు చాలా వెలుపల, గ్రహ కేంద్రం నుంచి సుమారు 3,77,400 కిలోమీటర్ల దూరంలో.

లెక్క సులువుగా సాగడానికి దూరాలను గుండ్రం చేసి చెబుతాను. ఈ కెమెరా ఫోకల్ పొడవు 2,000 మిల్లీమీటర్లు, ఒక్కో పిక్సెల్ 6 మైక్రోరేడియన్ల కోణాన్ని చూస్తుంది. డయోనీ 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటే దాని మీద ఒక్కో పిక్సెల్ 9 కిలోమీటర్లకు సమానం. 1,123 కిలోమీటర్ల వ్యాసమున్న ఆ ఉపగ్రహం చిత్రంలో దాదాపు 125 పిక్సెళ్ల వెడల్పున కనిపిస్తుంది. వెనకనున్న మేఘాల మీద అదే పిక్సెల్ దాదాపు 11 కిలోమీటర్లు. ఫిల్టర్లు నీలం, ఆకుపచ్చ, ఎరుపు క్రమంలో ఉన్నాయి. వాటి కేంద్ర తరంగదైర్ఘ్యాలు వరుసగా 451, 568, 650 నానోమీటర్లకు దగ్గరగా ఉంటాయి. ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ నడుమ దాదాపు నిమిషం ఎడం ఉంది.

అప్పట్లో సూర్యుడు వలయాల తలానికి దక్షిణంగా దాదాపు 20 డిగ్రీల కోణంలో ఉన్నాడు. కాబట్టి వలయాల నీడ ఉత్తరార్ధగోళం మీద పడుతుంది. మన చట్రంలో, భూమధ్యరేఖకు కాస్త ఉత్తరాన, ప్రధాన వలయాల్లో అన్నిటికంటే లోపలిదైన సి వలయపు పలుచని నీడ పట్టీలు మొదలవుతాయి. డయోనీ నీడ మాత్రం అంత కోణంలో గ్రహాన్ని తాకకుండా దానికి ఉత్తరంగా శూన్యంలోకి పోతుంది. కాబట్టి ఉపగ్రహపు నీడ అనే మరో కదిలే వస్తువుతో ఈసారి పని పడలేదు.

ఏ ఫైళ్ల నుంచి మొదలుపెట్టాలి

యాత్ర జరుగుతున్న రోజుల్లో కొత్త ఫొటోలను జేపెగ్ రూపంలో వెంటనే విడుదల చేసేవారు. వాటిని చూసి ఉత్సాహపడటానికి ఎవరికీ అడ్డు లేదు. కానీ వాటిలో ప్రతి ఫ్రేముకూ వెలుగు, కాంట్రాస్ట్ విడివిడిగా, యాంత్రికంగా సాగదీసి ఉంటాయి. నీలం ఫ్రేములో 200 అనే విలువకూ ఎరుపు ఫ్రేములో 200 అనే విలువకూ మధ్య ఏ సంబంధమూ మిగలదు. రంగు అంటే ఫ్రేముల మధ్య నిష్పత్తే. ఆ నిష్పత్తి పోయిన ఫైళ్ల నుంచి చేసిన చిత్రంలోని రంగు చేసినవారి ఇష్టమే అవుతుంది. అందుకే నాసా ప్లానెటరీ డేటా సిస్టమ్ భాండాగారంలో ఉన్న అసలు ఫైళ్లనే తీసుకున్నాను. కెమెరా 12 బిట్లలో కొలిచిన విలువలను కొన్నిసార్లు అంతరిక్షనౌకలోనే ఒక పట్టిక ప్రకారం 8 బిట్లకు కుదించి పంపేవారు. ఆ కుదింపును ఎలా విప్పాలో ఫైలు లేబుల్ చెబుతుంది. ఫ్రేమును 2 × 2 పిక్సెళ్లుగా కలిపి తీశారా, నష్టం కలిగించే కంప్రెషన్ వాడారా అన్న సంగతులూ అక్కడే ఉంటాయి. వరుస ఎంచుకునే ముందు లేబుల్ చదవడానికి వెచ్చించే సమయం తర్వాత ఎంతో పనిని తప్పిస్తుంది. నష్టం కలిగించే కంప్రెషన్ పడిన నీలం ఫ్రేములో మేఘాల స్వల్పమైన తేడాల చోట 8 × 8 గళ్లు తేలుతాయి, వాటిని ఏ సాఫ్ట్‌వేర్ ఫిల్టరూ నిజాయితీగా తొలగించలేదు.

క్యాలిబ్రేషన్‌ను అమెరికా జియలాజికల్ సర్వే వారి ఐసిస్ సాఫ్ట్‌వేర్‌లో చేశాను. బయాస్, డార్క్ (కాంతి లేకపోయినా సెన్సార్ చూపే విలువలు) తీసివేత, సెన్సార్ స్పందనను సరళరేఖకు తేవడం, ఫ్లాట్ ఫీల్డ్ (పిక్సెళ్ల మధ్య స్పందన తేడాల దిద్దుబాటు), ఎక్స్‌పోజర్ కాలం, ఫిల్టర్ సామర్థ్యం ఇవన్నీ అక్కడ వరుసగా జరుగుతాయి. చివరికి ప్రతి పిక్సెల్ విలువ ఐ బై ఎఫ్ అనే పరావర్తన కొలతలోకి వస్తుంది. సూర్యకాంతి నిటారుగా పడిన సంపూర్ణ తెల్లని ఉపరితలానికి ఆ కొలత 1. ఈ మెట్టు దాటాక మూడు ఫ్రేములూ ఒకే భాష మాట్లాడతాయి.

ఈ దృశ్యానికి మాత్రమే ఉన్న ఒక సౌలభ్యాన్ని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. డయోనీ గ్రహం ముందున్నప్పుడు మనకు కనిపించేది శనిగ్రహానికి ఎదురుగా లేని ముఖం. శనిగ్రహం నుంచి పరావర్తనమయ్యే కాంతి పడేది అవతలి ముఖం మీద. కాబట్టి మన వైపున్న రాత్రి భాగం నిజంగా చీకటి, అక్కడ విలువ సున్నాకు చాలా దగ్గరగా ఉండాలి. మూడు ఫిల్టర్లలో ఆ చీకటి భాగపు మధ్యనున్న పిక్సెళ్లను కొలిస్తే, కెమెరా లోపల చెల్లాచెదురైన శనికాంతి ఏ రంగులో ఎంత కలిసిందో తెలుస్తుంది. ఆకాశమే కనిపించని చట్రంలో నలుపుకు ఆధారం ఇంతకంటే మంచిది దొరకదు. ఆ మధ్య విలువను ఆయా ఫ్రేముల నుంచి తీసివేసిన తర్వాతే రంగుల జోలికి వెళ్లాను. కాసిని ఫొటోల్లో అడ్డంగా పాకే సన్నని చారల నాయిస్ కూడా ఈ చీకటి భాగంలోనే బయటపడుతుంది. అందుకే ఒక్క వరుసను కాక చాలా వరుసల మధ్యగతాన్ని తీసుకోవాలి.

ఏది ఎంత కదిలింది

డయోనీ తన కక్ష్యలో సెకనుకు దాదాపు 10 కిలోమీటర్లు పోతుంది. అసలు సర్దుబాటుకు అంతరిక్షనౌక స్థానం, వేగం, కెమెరా దిశ అన్నీ స్పైస్ కెర్నెళ్ల నుంచి, అంటే ఆ వివరాలను భద్రపరచిన నాసా ఫైళ్ల నుంచి తీసుకున్నాను. విషయం అర్థం కావడానికి మాత్రం కాసిని కదలికను ప్రస్తుతానికి పక్కన పెడదాం. సెకనుకు 10 కిలోమీటర్లు, పిక్సెల్‌కు 9 కిలోమీటర్లు అంటే డయోనీ నిమిషానికి దాదాపు 67 పిక్సెళ్లు జరుగుతుంది. నీలం ఫ్రేము నుంచి ఎరుపు ఫ్రేముకు వచ్చేసరికి తన వ్యాసం కంటే ఎక్కువ దూరమే జరిగిపోతుంది. ఆ వ్యవధిలో డయోనీ తన చుట్టూ తాను తిరగడం, మనం చూసే కోణం మారడం రెండూ కలిసినా దాని ఉపరితలం మీద తేడా పిక్సెల్‌లో మూడో వంతుకు మించదు. కాబట్టి ఉపగ్రహాన్ని కదలని బిళ్లగా తీసుకుని జరిపితే చాలు.

వలయాల గీత, నీడ పట్టీలు, కాంతి ఒక వైపు నుంచి మరో వైపుకు తగ్గే తీరు ఇవన్నీ మూడు ఫ్రేములకూ ఒకే చోట ఉంటాయి. మేఘాలు మాత్రం ఉండవు. శనిగ్రహ భూమధ్య ప్రాంతం దాదాపు 10 గంటల 14 నిమిషాలకు ఒకసారి తిరుగుతుంది, అంటే నిమిషానికి 0.59 డిగ్రీలు. భూమధ్యరేఖా వ్యాసార్ధం 60,268 కిలోమీటర్లు కాబట్టి అక్కడి మేఘాలు సెకనుకు 10 కిలోమీటర్లకు పైగా పోతాయి. చట్రం మధ్యలో అది నిమిషానికి 56 పిక్సెళ్లు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. డయోనీ 67, మేఘాలు 56, రెండూ ఒకే దిశలో, ఎడమ నుంచి కుడికి. ఉపగ్రహ కక్ష్యా వేగమూ గ్రహపు భూమధ్య భ్రమణ వేగమూ దాదాపు సమానం కావడం వల్ల, డయోనీ తన వెనకనున్న మేఘాలతో దాదాపు కలిసే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. ఈ కేస్‌లో పని మొత్తాన్ని మలుపు తిప్పినది ఈ పోలికే.

నెలవంక ఆకారపు ఖాళీలు

ఆకుపచ్చ ఫ్రేము మధ్యది కాబట్టి చివరి చిత్రంలో డయోనీని అది ఆ క్షణంలో ఉన్న చోటనే నిలిపాను. నీలం ఫ్రేములో డయోనీ 67 పిక్సెళ్లు ఎడమన ఉంది. అక్కడ అది కప్పిన గ్రహపు భాగానికి నీలం విలువ లేదు. ఎరుపు ఫ్రేములో 67 పిక్సెళ్లు కుడిన ఉంది, అక్కడ ఎరుపు లేదు. వెనకదృశ్యాన్ని గ్రహపు జ్యామితి ప్రకారం మాత్రమే సర్దితే డయోనీకి ఎడమ పక్క 67 పిక్సెళ్ల వెడల్పు గల నెలవంకలో నీలం, కుడి పక్క అంతే వెడల్పు గల నెలవంకలో ఎరుపు లోపిస్తాయి. ఉపగ్రహపు వ్యాసంలో సగానికి పైగా వెడల్పున్న ఖాళీలు అవి. చాలా చిత్రాల్లో ఉపగ్రహం పక్కన కనిపించే పసుపు, సయాన్ మరకలకు కారణం ఇదే.

మేఘాల కదలిక ప్రకారం సర్దితే కథ మారుతుంది. ప్రతి ఫ్రేములోనూ డయోనీ కప్పేది దాదాపు అదే మేఘాల్ని కాబట్టి, నీలం ఫ్రేములోని మేఘాలను నిమిషం ముందుకు తిప్పాక మిగిలే ఖాళీ 11 పిక్సెళ్ల వెడల్పు మాత్రమే. ఎరుపు ఫ్రేమును నిమిషం వెనక్కి తిప్పినా అంతే. 67 నుంచి 11కు తగ్గడమంటే చాలావరకు నింపాల్సిన అవసరమే పోయిందన్నమాట. అక్కడ చూపేది నిజంగా కొలిచిన మేఘమే.

అయితే మేఘాలను తిప్పినప్పుడు వాటి మీద పడిన వెలుగును కూడా తిప్పకూడదు. అందుకు ప్రతి ఫ్రేమునూ భూమధ్యరేఖ దగ్గర 60,268, ధ్రువాల దగ్గర 54,364 కిలోమీటర్ల వ్యాసార్ధమున్న నొక్కుకున్న గోళం మీదకు మ్యాప్ ప్రొజెక్షన్ చేశాను. మినార్ట్ నమూనా అనే వెలుగు సూత్రంతో సూర్యకోణం, చూసే కోణం వల్ల వచ్చే వెలుగు తేడాను భాగించి తీసివేశాను. ఆ తర్వాత రేఖాంశాన్ని జరిపి, ఆకుపచ్చ ఫ్రేము క్షణానికి తగిన వెలుగును తిరిగి గుణించి, కెమెరా కోణానికి మళ్లీ మార్చాను. మధ్య అక్షాంశాల భ్రమణ వేగం భూమధ్య ప్రాంతానికంటే తక్కువే అయినా ఆ తేడా మన చట్రంలో నిమిషానికి రెండు పిక్సెళ్లకు మించదు. పైగా చట్రంలో ఉన్నదంతా భూమధ్య ప్రవాహపు పరిధిలోనిదే కాబట్టి ఒకే వేగం వాడాను. వలయాల గీతనూ సి వలయపు నీడ పట్టీలనూ ఈ తిప్పుడు నుంచి మినహాయించి, జ్యామితి ప్రకారం సర్దిన మరో పొర నుంచి తీసుకున్నాను.

మిగిలిన 11 పిక్సెళ్ల ఖాళీకి నిష్పత్తి పద్ధతి సరిపోతుంది. ఎడమ నెలవంకలో ఆకుపచ్చ, ఎరుపు విలువలు కొలిచినవే, లేనిది నీలం ఒక్కటే. శనిగ్రహ మేఘాలు అక్షాంశాల వెంబడి పట్టీలుగా సాగుతాయి, ఒకే అక్షాంశం మీద రంగు నిష్పత్తి చాలా నెమ్మదిగా మారుతుంది. కాబట్టి అదే అక్షాంశంలో ఖాళీకి అటూ ఇటూ నీలానికీ ఆకుపచ్చకూ ఉన్న నిష్పత్తిని కొలిచి, ఖాళీలోని ఆకుపచ్చ విలువను దానితో గుణించాను. ఆకృతి కొలిచిన ఫ్రేము నుంచే వస్తుంది, అంచనా వేసింది రంగును మాత్రమే. పక్క నుంచి అతికించే క్లోన్ పనిముట్టునూ, కృత్రిమ మేధతో నింపే పనిముట్లనూ ఈ పనికి వాడకూడదని నా గట్టి అభిప్రాయం. అవి చూడముచ్చటైన మేఘాన్ని సృష్టిస్తాయి, కానీ ఆ మేఘం శనిగ్రహం మీద ఎన్నడూ లేదు.

ఈ నింపుడు నమ్మదగినదో కాదో పరీక్షించడానికి తేలికైన దారి ఉంది. డయోనీకి దూరంగా, మూడు రంగులూ ఉన్న చోట అదే ఆకారపు నెలవంకను కావాలని చెరిపి, అదే పద్ధతిలో నింపి, అసలు విలువలతో పోల్చాలి. నేను పట్టీల సరిహద్దు మీద ఒకటి, పట్టీ నడిమధ్య మరొకటి పెట్టి చూశాను. నడిమధ్యలో తేడా నాయిస్‌లో కలిసిపోయింది. సరిహద్దు దగ్గర అక్షాంశాన్ని పిక్సెల్‌కు పిక్సెల్ పాటిస్తేనే తేడా అదుపులో ఉంటుందని తేలింది, కాబట్టి నిష్పత్తిని చట్రపు అడ్డ వరుసల వెంబడి కాక మ్యాప్‌లోని అక్షాంశ రేఖల వెంబడే తీసుకోవాలి.

డయోనీ అంచు

కెర్నెళ్లలోని కెమెరా దిశలో న్యారో యాంగిల్ ఫ్రేములకు గణనీయమైన తేడా ఉండవచ్చు, కాబట్టి అంచును కొలిచి సరిచేయక తప్పదు. సాధారణంగా ఉపగ్రహపు వెలుగున్న అంచు మాత్రమే దొరుకుతుంది. ఇక్కడ వెనక ప్రకాశించే గ్రహం ఉండటం వల్ల రాత్రి వైపు అంచు కూడా నల్లని ఛాయగా స్పష్టంగా కనిపిస్తుంది. పూర్తి వృత్తం దొరికితే కేంద్రాన్ని పిక్సెల్‌లో చిన్న భాగం వరకు నిర్ణయించవచ్చు. మాస్క్ (డయోనీని వెనకదృశ్యం నుంచి వేరుచేసే హద్దు) గీసేటప్పుడు మాత్రం వృత్తాన్ని రెండు మూడు పిక్సెళ్లు పెంచాను, ఎందుకంటే కెమెరా వల్ల అంచు కాంతి ఆ మేర పక్కకు చిందుతుంది. పెంచకపోతే వెలుగు వైపు నీలి గీత ఒకటి గ్రహం మీద మిగిలిపోతుంది.

పదును పెంచే పనిని ఈ అంచు దగ్గర ఆపేశాను. డీకన్వల్యూషన్ (కెమెరా మసకను లెక్కతో తీసివేయడం) బిలాల నీడల్లో నిజమైన వివరాన్ని తెస్తుంది, అంచు దగ్గర మాత్రం లేని నల్లని వలయాన్ని గీస్తుంది. ఈ వరుసలోనే స్పష్ట ఫిల్టర్‌తో (రంగును వేరుచేయని ఫిల్టర్) తీసిన ఫ్రేము కూడా ఉంది, అందులో నాయిస్ తక్కువ. దాన్ని నేరుగా వెలుగు పొరగా వాడితే అతినీలలోహిత కాంతి నుంచి సమీప పరారుణం దాకా అన్నీ కలిసి మేఘ పట్టీల మధ్య తేడాలు మారిపోతాయి. అందుకని దాని నుంచి డయోనీ ఉపరితలపు సన్నని వివరాలను మాత్రమే తీసుకుని, విశాలమైన వెలుగు తేడాలను మూడు రంగుల ఫ్రేముల నుంచే ఉంచాను.

రంగు

ఐ బై ఎఫ్ విలువలను మూడు ఛానెళ్లలో అలాగే పెడితే సహజమైన రంగుకు దగ్గరగానే వస్తుంది, పూర్తిగా కాదు. మన తెరల ఆకుపచ్చతో పోలిస్తే కాసిని ఆకుపచ్చ ఫిల్టర్ కాస్త పసుపు వైపు ఉంటుంది. అందువల్ల మూడు బిందువుల మధ్య వర్ణపటాన్ని నున్నని వక్రరేఖగా తీసుకుని, కంటి స్పందన పట్టికతో గుణించి, తెరలకు ప్రామాణికమైన ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లోకి మార్చాను. గామాను (తెరకు తగ్గట్టు వెలుగు విలువలను వంచే దిద్దుబాటు) కచ్చితంగా వర్తింపజేయాలి. సరళ విలువలను అలాగే తెర మీద పెడితే డయోనీ పగలు రాత్రి సరిహద్దు అసహజంగా నల్లబడుతుంది, చాలామంది దాన్ని చూసి కాంట్రాస్ట్ బాగుందనుకుంటారు.

డయోనీ మంచు ఉపరితలం దాదాపు తటస్థమైన బూడిద రంగు కావడం మంచి ఆధారం. అది తటస్థానికి దగ్గరగా వచ్చిందా అని చూశాను గానీ, తెల్లగా రావాలని ఛానెళ్లను బలవంతంగా సమం చేయలేదు. డయోనీ కక్ష్యలో పోయే దిశకు వెనకనున్న అర్ధగోళం ముందున్న అర్ధగోళం కంటే ముదురుగా, కాస్త ఎర్రగా ఉంటుంది. తెల్లదనాన్ని రుద్దితే ఆ నిజమైన తేడా గ్రహపు రంగులోకి పాకుతుంది. శనిగ్రహం విషయంలోనూ ఇదే మాట. 2005 ప్రాంతంలో ఉత్తరార్ధగోళం శీతకాలంలో ఉండి, పొగమంచు పొర తక్కువై, నీలి ఛాయతో కనిపించేది. 2009 ఆగస్టు విషువత్తు (సూర్యుడు శనిగ్రహ భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఉన్న సమయం) తర్వాత క్రమంగా బంగారు వన్నెకు మారింది. శని అంటే పసుపే అనే అలవాటుతో చట్రం పైభాగపు లేత నీలాన్ని దిద్దేస్తే ఆ రుతువునే చెరిపేసినట్టవుతుంది.

చిత్రంతో పాటు ఏమి ఇవ్వాలి

చిత్రం కింద నాసా, జేపీఎల్ కాల్టెక్, స్పేస్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌ల పేర్లు, వాడిన ఫ్రేముల గుర్తింపు సంఖ్యలు, ఫిల్టర్లు, ఏ క్షణానికి సర్దానన్న సంగతి రాస్తాను. దానితో పాటు అదే కొలతలో ఒక మాస్క్ ఫైలును కూడా ఉంచుతాను. కొలిచిన మూడు రంగులూ ఉన్న చోటు తెలుపు, నీలం అంచనా వేసిన చోటు నీలం, ఎరుపు అంచనా వేసిన చోటు ఎరుపు. చిత్రాన్ని ముద్రించేవారు మాస్క్‌ను పట్టించుకోకపోవచ్చు. కానీ రేపు ఎవరైనా ఆ మేఘాల్లో చిన్న మచ్చను కొలవాలనుకుంటే, అది డయోనీ పక్కన ఉన్న 11 పిక్సెళ్లలో పడుతుందో లేదో వారు నన్ను అడగాల్సిన పని ఉండకూడదు.

చట్రం పై కుడి మూలలో, సి వలయపు నీడ పట్టీలు వంపు తిరిగే చోట, ఒకటి రెండు పిక్సెళ్ల వెడల్పున లేత నీలి అంచు ఇంకా ఉంది. నీడ కదలదు, దాని గుండా కనిపించే మేఘం కదులుతుంది. సి వలయం పలుచనిది కాబట్టి ఆ నీడలో మేఘపు వెలుగు, నీడ ముదురు రెండూ కలిసే ఉంటాయి, ఏదో ఒక పొరను ఎంచుకుంటే రెండోది చెదురుతుంది. అక్కడి రంగు గాఢతను తగ్గిస్తే అంచు కంటికి ఆనదు. నేను తగ్గించలేదు. ఆ పట్టీని మాస్క్‌లో ఊదా రంగుతో గుర్తించి, వివరణలో దాని చోటు రాశాను.